తోక లేని నెమళ్లు, సెల్లారులో దొరికిన పిట్ట

అడిగినవారు రాసిన దాని సారాంశం ముందు చెప్పుకుందాం. రెండేళ్ల కిందట బంజారాహిల్స్‌కు మారిన కుటుంబం. దసరా సెలవుల్లో తొమ్మిదేళ్ల పాపకు పక్షులను చూపించాలని బైనాక్యులర్ కొన్నారు. వరుసగా మూడు ఆదివారాలు కేబీఆర్ పార్కుకు వెళ్లారు. ఎనిమిదింటికి లోపలికి వెళ్లడం, దారి పట్టుకుని చుట్టంతా నడవడం, తొమ్మిదిన్నరకు బయటికి వచ్చి ఇడ్లీ తినడం. కనిపించినవి కాకులు, పావురాలు, గోరింకలు, తోక లేని నెమళ్లు. పండగ నాడు గుడి దగ్గర ఒకతనికి యాభై రూపాయలు ఇచ్చి పంజరంలో పాలపిట్టను చూశారు. శరత్కాలంలో హైదరాబాద్‌లో పక్షులు ఉండవా, లేక మాకే చూడటం రాదా అన్నది ప్రశ్న. చివర్లో ఒక కొసరు ప్రశ్న కూడా ఉంది. నిరుడు ఇదే రోజుల్లో అపార్టుమెంటు సెల్లారులో ఆకుపచ్చ వీపు, మొండి తోక ఉన్న చిన్న పిట్ట దొరికిందట. చిలక పిల్ల అని వాచ్‌మన్ అన్నాడట. నిజంగా అది చిలకేనా?

చిలక కాదు. మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన ఆ పిట్ట కోసం నేను ఏటా అక్టోబరులో తెల్లవారుజామున లేచి వెళుతుంటాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆదివారాల సంగతి.

పక్షులు ఉన్నాయి, మీ బైనాక్యులర్‌లోనూ లోపం లేదు. వెళ్లిన వేళ కుదరలేదు, నడక అసలే కుదరలేదు. పైగా వేసవిలో పక్షులు చేసే సందడిని మనసులో పెట్టుకుని ఆశ్వయుజంలో వెతికారు.

నా సంగతి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థం కాదు. నేను రైల్వేలో గూడ్సు గార్డుగా పని చేసి రిటైరయ్యాను. ఎక్స్‌ప్రెస్సులకు దారి ఇవ్వడానికి మా బండిని లూప్ లైనులో పెట్టేవారు. గంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. బండి చివర బ్రేకు వ్యానులో ఒక్కడినే కూర్చుని, చుట్టూ తుమ్మచెట్లూ తంగేడు పొదలూ చూస్తూ ఉండటం తప్ప చేసేదేమీ ఉండేది కాదు. అలా కూర్చున్నప్పుడు మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించదు. బండి ఆగిన చప్పుడుకు బెదిరినవి పావుగంటకు తిరిగి వస్తాయి. అరగంటయ్యేసరికి మనిషి కూడా పట్టాల మీది స్తంభంలా అయిపోతాడు. అప్పుడు వడ్రంగిపిట్ట వచ్చి రెండు బారల దూరంలో మాను మీద వాలుతుంది. పక్షుల గురించి నాకు తెలిసినదంతా ఆగి ఉన్న బండిలోనే తెలిసింది. నడుస్తున్న బండిలో నుంచి చూసింది పాలపిట్టను, కొంగలను మాత్రమే.

కాబట్టి మొదటి మాట ఇది: చుట్టు పూర్తి చేయకండి. కేబీఆర్‌లో వాకింగ్‌కు వచ్చేవారు చుట్టు పూర్తి చేస్తారు, అది వారి ఆరోగ్యానికి మంచిది. మీరు గేటు నుంచి పది నిమిషాలు నడిచి, బండలూ పొదలూ కాస్త ఖాళీ నేలా మూడూ ఒకేచోట కలిసే మలుపు చూసుకుని అక్కడే నిలబడండి. నలభై నిమిషాలు కదలకండి. తొమ్మిదేళ్ల పాపకు అది కష్టమే. చిన్న పుస్తకం, పెన్సిలు ఇచ్చి విన్న ప్రతి శబ్దాన్ని తనకు తోచిన అక్షరాల్లో రాయమనండి. పక్షి పేరు అక్కర్లేదు. 'టుక్ టుక్' అని రాసినా, 'స్కూటరు స్టార్టు కానట్టు' అని రాసినా చాలు.

వేళ విషయం. అక్టోబరులో మన ఊళ్లో సూర్యోదయం ఆరు దాటిన పావుగంట లోపే. ఆ తర్వాతి గంటన్నర అసలు సమయం. రాత్రంతా ఆకలితో ఉన్న పక్షులు పురుగుల కోసం, పళ్ల కోసం దిగి వస్తాయి. ఎనిమిదయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది, చిన్న పిట్టలు ఆకుల లోపలికి పోతాయి, గద్దలు పైకి లేచి గాలిలో చుట్లు తిరగడం మొదలుపెడతాయి. రోడ్డు మీది హారన్ల మోత కూడా అప్పటికే పెరుగుతుంది. మీరు సరిగ్గా ఆట ముగిసిన మైదానంలోకి వెళ్లారు.

ఇక ఋతువు. ఫాల్గుణం నుంచి ఆషాఢం దాకా పక్షులు పాడేది జత కోసం, గూటి హద్దుల కోసం. ఆ పని శ్రావణ భాద్రపదాలకే చాలావాటికి ముగిసిపోయింది. వేసవిలో నాలుగింటికే మనల్ని లేపిన కోయిల ఇప్పుడు అదే చెట్టులో చప్పుడు లేకుండా పళ్లు తింటోంది. పాడటం మానేసిన పక్షులు ఈకలు కూడా మార్చుకుంటాయి. మీ పాప చూసిన 'తోక లేని నెమలి' అదే. వానాకాలం చివరికి మగ నెమలి ఆ పొడవాటి పింఛాన్ని రాల్చేస్తుంది, మళ్లీ కొత్తది పెరిగి నిండటానికి నెలలు పడుతుంది. అసలు పింఛం తోక కానే కాదు, తోక మొదట్లో పైన కప్పుకుని ఉండే ఈకలు. నిజమైన తోక పొట్టిగా గోధుమ రంగులో దాని కింద ఉంటుంది. ఈ నెలలో చూస్తేనే అది కనిపిస్తుంది. మెడ నిగనిగలాడే నీలం అయితే పింఛం లేకపోయినా మగదే. తేనెపిట్ట కూడా అంతే. వేసవిలో నల్లగా మెరిసిన మగ తేనెపిట్ట ఇప్పుడు ఆడదానిలా వెలిసిపోయి, గొంతు నుంచి పొట్ట దాకా సిరా కారినట్టు ఒక్క నల్లటి చార మాత్రం మిగుల్చుకుంటుంది. కొత్తవారు దాన్ని వేరే జాతి అనుకుని పుస్తకమంతా వెతుకుతారు. నేనూ వెతికాను.

ఇంకొక సంగతి ఏమిటంటే ఇది రాకపోకల నెల. వానలతో పాటు ఆఫ్రికా నుంచి వచ్చిన చాతక పక్షులు తిరుగు ప్రయాణం కట్టేస్తాయి. ఉత్తరం నుంచి వచ్చేవి దిగుతుంటాయి. వచ్చేవాటిలో చాలావరకు మూర్తీభవించిన సాదాతనం: మట్టి రంగు, ఆకు రంగు, బొటనవేలంత ఒళ్లు. వాటిని కంటితో వెతికితే దొరకవు, చెవితో పట్టుకోవాలి.

పోయిన ఏడాది అక్టోబరు రెండో వారంలో ఒక ఉదయం ఎలా గడిచిందో చెబితే ఈ మాటలన్నీ తేలికగా అర్థమవుతాయి. మా పై అంతస్తులో ఇంటర్ చదివే కుర్రాడు వెంట వస్తానన్నాడు. ఫోనులో మెర్లిన్ వేసుకుని వచ్చాడు. శబ్దం విని పక్షి పేరు చెప్పే యాప్ అది, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు తయారుచేసింది. గేటు దాటిన ఐదు నిమిషాల్లో పద్నాలుగు పేర్లు చదివాడు. ఒక్క పక్షినీ చూడలేదు, తల ఎత్తితే కదా! ఆ యాప్‌ను నేనూ వాడతాను. అది మంచి చెవి, కానీ తీర్పరి కాదు. ఏట్రింత వేరే పక్షుల కూతలను అనుకరిస్తే అది నమ్మేస్తుంది. ఫోను జేబులో పెట్టించాను.

ఆరు కాలేదింకా. బండల మీద మంచు తడి. పైడికంటెలు, అంటే చిన్న గుడ్లగూబలు, రెండు చెట్టు తొర్ర దగ్గర పడుకోబోయే ముందు ఆఖరి కీచులాట కానిస్తున్నాయి. ఎక్కడో కౌజు పిట్ట తాళం వేసినట్టు కూసింది, దానికి ఇంకోటి బదులిచ్చింది. వెలుగు రాగానే పికిలిపిట్టలు. పికిలిపిట్టల గోల మొదలయ్యాక కొత్తవారు నిరాశపడతారు, 'అంతా ఇవే' అంటారు. అది నిజమే, కానీ ఆ గోలలోనే వెనక సన్నగా ఇంకేదైనా వినిపిస్తుందా అని చెవి పెట్టడం నేర్చుకోవాలి.

లంటానా పొదలో నుంచి 'చక్' అని వినిపించింది. రెండు గులకరాళ్లు ఒక్కసారి తాకినట్టు. పది క్షణాలు ఆగి మళ్లీ 'చక్'. కుర్రాడికి చూపించమంటే ఏమి చూపించను? పొద కదిలింది, అంతే. ఐదు నిమిషాల తర్వాత ఒక పుల్ల చివర మట్టి రంగు పిట్ట ఒకటి కనిపించి మాయమైంది. ఒంటి మీద గుర్తు పట్టడానికి ఒక్క చుక్క, ఒక్క గీత లేదు. దాని పేరు బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ పేరు మీద వచ్చింది. మేము మాలో మేము చక్‌పిట్ట అంటాం. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా ఉన్న పొదల్లో పుట్టి, చలికాలానికి భారతదేశానికీ శ్రీలంకకూ వస్తుంది. బరువు పది పన్నెండు గ్రాములు, అంటే పసుపు రంగు ఐదు రూపాయల నాణేలు రెండు. ఈ సంగతి చెప్పాక కుర్రాడు ఆ పొద దగ్గరి నుంచి ఇరవై నిమిషాలు కదల్లేదు. మీరు మూడు ఆదివారాలూ ఈ పిట్ట పక్కనుంచే నడిచి ఉంటారు, అందులో నాకు సందేహం లేదు. కేబీఆర్ ఒక్కటే కాదు, అపార్టుమెంటు ప్రహరీ వెంట మందారాల గుబురు ఉన్నా చాలు దానికి.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. ఇక్కడే ఎక్కువమంది లేచి నడక మొదలుపెడతారు. గూళ్ల కాలం ముగిశాక చిన్న పిట్టలు ఎక్కడివక్కడ ఉండవు. నాలుగైదు జాతులవి కలిసి గుంపు కట్టి, చెట్టు నుంచి చెట్టుకు సాగిపోతూ మేస్తాయి. ఒకటి కదిపిన పురుగును ఇంకొకటి పట్టుకుంటుంది. డేగ వస్తే ముందుగా చూడటానికి ఎక్కువ కళ్లు ఉంటాయి. అందుకే శరత్కాలపు ఉదయం అరగంట శూన్యం, ఐదు నిమిషాల సంత. గుంపు ఎక్కడుందో తెలియక దాని వెనక పరుగెత్తేవాడికి శూన్యమే దొరుకుతుంది. గుంపు నడిచే దారిలో నిలబడ్డవాడి దగ్గరికి సంత నడిచి వస్తుంది.

ఏడు దాటాక వచ్చింది. ముందుగా 'చివీ, చివీ' అని సన్నటి పిలుపు. అది గ్రీనిష్ వార్బ్లర్, ఆకు రంగులో ఆకు అంత ఉంటుంది. చక్‌పిట్టకన్నా తేలిక. వెనకే నల్ల టోపీ, తెల్ల బుగ్గల టిట్లు. కంటి చుట్టూ కళ్లజోడులా తెల్లటి వలయం ఉన్న వైట్-ఐలు అరడజను. నారింజ రంగు పొట్టతో మినివెట్లు ఒక జంట. వేపచెట్టు మొత్తం వణికినట్టయింది. పైకొమ్మ మీద ఏట్రింత లాంటిదే, కానీ నల్లగా కాక బూడిద రంగులో, ఎర్రటి కన్నుతో ఒకటి. కరెంటు తీగల మీద, గేదెల వీపుల మీద ఏడాది పొడవునా కనిపించే నల్ల ఏట్రింతను మీరు చూసే ఉంటారు. ఈ బూడిద రంగుది హిమాలయాల వైపు నుంచి చలికాలానికి దిగుతుంది. ఆ తర్వాత ఇటుక రంగు ఒళ్లు, నల్లటి జుట్టుముడితో తోక పిగిలిపిట్ట ఒకటి నీడలో దూకి దోమను పట్టింది. మగవాటిలో ముదిరినదైతే తోక తెల్లటి రిబ్బనులా బారెడు వేలాడుతుంది గానీ, అది ఆరోజు మాకు రాసిపెట్టి లేదు. ఐదు నిమిషాల్లో గుంపు బండల అవతలికి పోయింది. కుర్రాడు నోరు తెరిచి నిలబడ్డాడు. బైనాక్యులర్ మెడలోనే ఉంది.

బైనాక్యులర్ మాట వచ్చింది కాబట్టి: మీరు కొన్నది 8×42 అని రాశారు, మంచిదే. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, తెల్లవారుజామున సరిపడా వెలుగు తీసుకుంటుంది. పది, పన్నెండు రెట్లవి కొననందుకు సంతోషించండి. వాటిలో చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. పక్షి కనిపించినప్పుడు తల దించి బైనాక్యులర్ వెతుక్కోకూడదు. చూపు పక్షి మీదే ఉంచి, దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు చుట్లు లోపలికి తిప్పేయండి. ఇంట్లో బాల్కనీలో నుంచి ఎదుటి మేడ మీది నీళ్ల ట్యాంకు పేరు చదవడం పాపతో సాధన చేయించండి, రెండు సాయంత్రాల్లో వచ్చేస్తుంది.

గులాబీ గోరింకలను కూడా మీరు చూసే ఉంటారు, మామూలు గోరింకలనుకుని వదిలేశారు. రావిచెట్టు పండినప్పుడు వందల కొద్దీ వాలి, సంతలో బేరాల్లా గోల చేస్తాయి. ఒళ్లు లేత గులాబీ, తల రెక్కలు నలుపు. ఈ ఏడాది పుట్టినవైతే ఉత్త మట్టి రంగు, పసుపు ముక్కు. తూర్పు ఐరోపా, మధ్య ఆసియా నుంచి ఆగస్టు సెప్టెంబరుల్లోనే వచ్చి ఏప్రిల్ దాకా ఉంటాయి. అంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఇక్కడే. వాటిని అతిథులనడం నాకు ఎప్పుడూ కొంచెం వింతగానే ఉంటుంది.

పంజరంలోని పాలపిట్ట గురించి. మీ మీద కోపం లేదు, జమ్మిపూజ నాడు పాలపిట్టను చూడాలన్న కోరిక మా ఇంట్లోనూ ఉంది. కానీ ఆ యాభై రూపాయలు ఇవ్వకండి. పట్టి తెచ్చిన పాలపిట్టకు రెక్కలు కట్టేస్తారు, ఒక్కోసారి జిగురు పూస్తారు. పండగ అయ్యాక అది ఎగరలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దాన్ని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దేశవ్యాప్తంగా పక్షులు చూసేవారి లెక్కలతో 2023లో వచ్చిన నివేదికలో గడిచిన పన్నెండేళ్లలో పాలపిట్టలు దాదాపు 30 శాతం తగ్గినట్టు తేలింది. చూడాలంటే పండగ నాడు పొద్దున్నే చేవెళ్ల వైపో, గండిపేట దాటో, వికారాబాద్ దారిలోనో కారు నెమ్మదిగా పోనివ్వండి. కరెంటు తీగ మీద పావురమంత, తల పెద్దగా, మట్టి రంగులో కూర్చున్న పక్షిని వెతకండి. వాలి ఉన్నప్పుడు అది అంత అందంగా ఏమీ ఉండదు. మిడత కోసం నేల మీదికి జారినప్పుడు రెక్కలు విప్పుతుంది, లేత నీలం, ముదురు నీలం రెండూ అప్పుడు బయటపడతాయి. తాండూరు లైనులో గూడ్సు నడిపిన రోజుల్లో అలాంటి దసరాలు నాకు చాలా దక్కాయి. మా ఆవిడ మాత్రం 'మీరు ఒక్కరే చూస్తే పుణ్యం ఇంటికి ఎలా వస్తుంది' అనేది.

ఇప్పుడు సెల్లారు.

ఆ ఉదయం గుంపు వెళ్లిపోయాక కుర్రాడు అలసిపోయి బండ పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను పైకి చూస్తున్నాను. 'అంకుల్, కోడిపిల్ల' అన్నాడు మెల్లగా. సీతాఫలం చెట్ల కింద, రాలిన ఆకుల్లో ఏదో గెంతుతోంది. ఆకు తిప్పుతుంది, ఆగుతుంది, రెండు గెంతులు వేస్తుంది, మళ్లీ ఆకు తిప్పుతుంది. ఆకుపచ్చ వీపు. రెక్క మీద మెరిసే నీలం మచ్చ. లేత గోధుమ రంగు పొట్ట, తోక కింద కుంకుమ ఎరుపు. కంటి మీదుగా వెడల్పాటి నల్లటి పట్టీ, తెల్లటి గొంతు. తోక ఉండీ లేనట్టు మొండిగా. హిందీలో నవరంగ్ అంటారు. మనవాళ్లు పొన్నంకి పిట్ట అన్నారు. నిలబడి ఉంటే నాకు కనిపించేది కాదు, వాడి కళ్లు నేలకు రెండడుగుల ఎత్తులో ఉన్నాయి కాబట్టి కనిపించింది.

మీ సెల్లారులో దొరికింది ఇదే. మీరు రాసిన వీపు రంగు, మొండి తోక, పైగా అక్టోబరు నెల, వేరే పక్షి కావడానికి వీల్లేదు. చిలక పిల్లకైతే వంకర ముక్కు ఉండాలి, దీనికి తిన్నటి, బలమైన ముక్కు.

దీని పేరు కథ మన తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవలసినది. 1713లో లండన్‌లో అచ్చయిన ఒక పక్షిశాస్త్ర గ్రంథంలో మద్రాసు కోట దగ్గర సేకరించిన పక్షుల జాబితా ఉంది. అందులో ఇది పొన్నంకి పిట్టగానే ఎక్కింది. చివరి మాట యూరప్ వాళ్లకు అంటుకుపోయింది. 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి శాస్త్రీయ నామంగా 'పిట్టా'నే ఖాయం చేశాడు. ఇప్పుడు ఆఫ్రికాలో, బోర్నియోలో, ఆస్ట్రేలియాలో ఉన్న దీని చుట్టాలన్నిటినీ ఆ దేశాల శాస్త్రవేత్తలు మన పిట్ట పేరుతోనే పిలుస్తారు. మనం ప్రతి చిన్న పక్షినీ పిట్ట అంటాం. వాళ్లకు మాత్రం ఆ మాటకు ఈ పక్షి, దీని చుట్టాలు మాత్రమే అర్థం.

ఇది హిమాలయాల పాదాల దగ్గరా మధ్య భారతంలోనూ వానాకాలంలో గూడు కట్టి, చలికాలానికి దక్షిణానికీ శ్రీలంకకూ వెళుతుంది. హైదరాబాద్ దారిలో మజిలీ. ప్రయాణం రాత్రిపూట. తెల్లవారేసరికి అలసిపోయి, దీపాల వెలుగులో దారి తప్పి, అద్దాల మేడలకు తగిలి కింద పడుతుంది. కాకులు చూశాయంటే వెంటపడతాయి. అడవి నేల మీద చీకటి నీడలో బతికే పక్షి కాబట్టి చీకటి ఎక్కడ కనిపిస్తే అక్కడ దూరుతుంది. మన ఇళ్లలో అలాంటి చోటు అంటే సెల్లారు, బాత్‌రూము, మెట్ల కింద మూల. అందుకే అది చెట్టు మీద కాక మీ కారు టైరు వెనక దొరికింది. పార్కులో మాత్రం వినడమే సులువు. తెల్లవారుజామున, పొద్దు వాలాక రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు దీన్ని ఆరుగంటల పిట్ట అనేది అందుకే.

ఈసారి దొరికితే ఏం చేయాలో కూడా చెబుతాను, మీరు డబ్బాలో పెట్టి అన్నం మెతుకులు వేశామని రాశారు కాబట్టి. డబ్బా సరే, అన్నం వద్దు. అది పురుగులు తినే పక్షి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అట్టపెట్టెకు గాలి కోసం నాలుగు చిల్లులు పెట్టి, అడుగున పాత గుడ్డ వేసి, మూత పెట్టి, పిల్లల చేతులకు అందని నిశ్శబ్దమైన గదిలో ఉంచండి. అద్దానికి తగిలి దిమ్మెరపోయినదైతే గంటా రెండు గంటల్లో తేరుకుంటుంది. అరచేతిలో పెట్టుకుని సెల్ఫీలు తీస్తే ఆ భయానికే పోవచ్చు. తేరుకున్నాక పట్టపగలు వదలకండి, కాకులుంటాయి. అవి గూళ్లకు చేరే మునిమాపు వేళ పొదలున్న చోట పెట్టె నేల మీద పక్కకు వంచి దూరంగా జరగండి. రెక్క వేలాడుతుంటే మాత్రం సొంత వైద్యం వద్దు, అటవీ శాఖవారికి ఫోను చేయండి.

పార్కులో దాని ఈల ఫోనులో వేసి రప్పించే ప్రయత్నం కూడా చేయకండి. రాత్రంతా ఎగిరి వచ్చి ఆకలి తీర్చుకుంటున్న పక్షిని లేని ప్రత్యర్థి కోసం తిప్పినట్టవుతుంది. కొందరు ఫొటోగ్రాఫర్లకు ఇది చెబితే నచ్చదు.

చెరువుల గురించి అడగలేదు కానీ, నవంబరు దాటాక ఒక ఉదయం అమీన్‌పూర్ చెరువుకు వెళ్లండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. బాతులు ఎదురుగా తేలుతూ ఉంటాయి, పాపకు ఎంతో సులువు. అప్పటి దాకా కేబీఆర్ చాలు.

చూసిన ప్రతిసారీ తేదీ రాయండి. చక్‌పిట్ట మొదటిసారి ఏ రోజు వినిపించిందో నా పుస్తకాల్లో ఏటా ఉంటుంది. ఎక్కువసార్లు సెప్టెంబరులోనే. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ 1931, 32ల్లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఏ ఊళ్లో ఏ తేదీన ఏది దొరికిందో రాసి పెట్టాడు కాబట్టే ఇవాళ మనం పోల్చి చూడగలుగుతున్నాం. మీ పాప పుస్తకం కూడా అలాంటిదే. ఇష్టముంటే పక్షులు చూసేవారు తమ లెక్కలు రాసుకునే ఈబర్డ్ వెబ్‌సైటులోనూ ఎక్కించండి.

అందుకే ఒక పని అడుగుతున్నాను. సెల్లారులో ఆ పిట్ట దొరికిన రోజు ఏదో మీకు గుర్తులేదని రాశారు. వాచ్‌మన్ దాని ఫొటో తీసి ఉంటాడు, ఎవరో ఒకరు అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో 'ఈ చిలక ఎవరిది' అని పెట్టి ఉంటారు. పైకి జరుపుకుంటూ నిరుడు అక్టోబరు దాకా వెళ్లి చూడండి. తేదీ దొరికితే ఇక్కడ రాయండి, నా పుస్తకంలో ఎక్కించుకుంటాను.